ఎక్కడి పది?

ఎక్కడిగారిలో లోపాలు వెతకడానికి ఎవరూ కష్టపడనక్కర్లేదు. ఉన్నది ఒక్కటే, అదీ మనిషి ఎదురుపడిన అరనిమిషంలో బయటపడిపోతుంది. ఆయన ముందు ఎవరైనా టైము చెప్పారో, అయిపోయారు. "పదింటికి మీటింగండీ" అంటే కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి "ఎక్కడి పది?" అంటారు. "ఇక్కడి పదేనండీ, మేడమీద హాల్లో" అంటే, "హాల్లో గోడగడియారం పదా, నా చేతి గడియారం పదా, సర్వరు పదా?" అంటారు. ఈ మూడూ ఒకటి కావని ఆయన నిరూపించేసరికి పదిన్నర అవుతుంది. ఆ పదిన్నర ఎక్కడిదని మాత్రం ఎవరూ అడగరు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు రిజిస్టరులో భద్రంగా ఉంది. దాన్ని అక్కడి నుంచి బయటికి తీసినవాళ్ళు లేరు. ఆస్పత్రి మొత్తానికి ఆయన ఎక్కడిగారు. మొహం మీదే అలా పిలుస్తారు, ఆయనా పలుకుతారు.

ఆయనకు రెండు గడియారాలు. ఎడంచేతికి ఇక్కడి టైము, కుడిచేతికి ప్రపంచ ప్రామాణిక సమయం. రెంటికీ అయిదున్నర గంటలు తేడా. లిఫ్టులో ఎవరైనా పొరపాటున టైమడిగితే రెండు చేతులూ చాచి "మీకేది కావాలి?" అనేవారు. నాలుగో అంతస్తుకు వెళ్ళాల్సినవాళ్ళు రెండో అంతస్తులోనే దిగి మెట్లెక్కేవారు.

ఆయన భార్య బళ్ళో లెక్కల టీచరు. ఓసారి ఆఫీసుకు వచ్చినప్పుడు తన గోడు చెప్పుకుంది. "నా పుట్టినరోజుకి ఈయన నన్ను రెండుసార్లు లేపుతారమ్మా. అర్ధరాత్రి ఒకసారి, ప్రపంచం లెక్కన తేదీ మారిందని పొద్దున్న అయిదున్నరకి ఇంకోసారి. నేను పుట్టింది ఏ లెక్కన అయినా, నిద్ర చెడేది మాత్రం నాకే కదా."

ఈ గోడు విన్నది ఎక్కడిగారి ఎదుటి బల్ల దగ్గర కూర్చునే పట్టికలమ్మ. పట్టికలమ్మ కూడా పెట్టిన పేరు కాదు. ఆస్పత్రిలో ఎవరికి ఏ సంఖ్య కావాలన్నా, గళ్ళు గీసి, వరసలు సరిచేసి, చూడముచ్చటగా పట్టిక చేసి ఇచ్చేది ఆవిడే. ముప్పై ఆరేళ్ళ మనిషి, పనిమంతురాలు. ఆవిడ రాసిన ప్రోగ్రాము ఆగిందంటే లోపం కరెంటులో ఉండాలి తప్ప ప్రోగ్రాములో ఉండదని పేరు. ఆ పేరంటే ఆవిడకు కాస్త ఇష్టం కూడా.

వీళ్ళ గణాంక విభాగం ఆస్పత్రి అడుగున, నేలమాళిగలో ఉండేది. పక్కన శవాలగది, ఎదురుగా దుప్పట్ల స్టోరు. గోడలకు ఏడాదిలో పది నెలలు చెమ్మ. ఉన్న ఒక్క కిటికీ నేలమట్టానికి ఉండటం వల్ల అందులోంచి వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు తప్ప మనుషులు కనబడరు. ట్యూబులైటు పొద్దున్న వెలిగిస్తే మధ్యాహ్నానికి గానీ స్థిరపడదు. చేసే పనీ దానికి తగినదే: పై అంతస్తుల్లో ఎంతమంది పోయారు, ఎందుకు పోయారు, వచ్చిన ఎన్ని గంటలకు పోయారు. అలాంటి గదిలో రోజుకు పదిసార్లు "ఎక్కడి టైము?" అనే మనిషి ఎదురుగా కూర్చుంటే ఎవరికైనా విసుగు రాకుండా ఎలా ఉంటుంది? పట్టికలమ్మకు నాలుగేళ్ళుగా వస్తూనే ఉంది.

ఒక ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచింది. "ఒంటిగంటకి వచ్చెయ్యండి" అంది. ఆయన నోరు తెరవబోతే, "మా వంటింటి ఒంటిగంట" అని తనే చెప్పేసింది. ఆయన పన్నెండూ నలభైకే వచ్చి వాకిట్లో నిలబడ్డారు. అత్తగారు తలుపు తీసి "లోపలికి రండి నాయనా" అంటే, "ఇంకా కాలేదండీ, మీ వంటింటి గడియారం ఎంత ముందుందో చూసి చెప్తారా?" అన్నారు. అత్తగారు లోపలికొచ్చి కోడలి చెవిలో, "మనిషి మంచివాడిలానే ఉన్నాడు, డాక్టరుకి చూపించుకుంటున్నాడా?" అని అడిగింది.

నిజం చెప్పుకోవాలంటే ఆయన పిచ్చికి కారణం లేకపోలేదు. తేదీలూ గంటలూ మనకు మాటలు, కంప్యూటరుకు అంకెలు. మాటను అంకెగా మార్చేచోట అది నోరు మూసుకుని తనకు తోచింది చేసుకుపోతుంది. ఒకసారి పక్క సెక్షను వాళ్ళు పంపిన ఫైలు తెరిస్తే, ఆస్పత్రిలో ఉన్న నాలుగొందల మంది రోగులూ ఒకే ఏడాది, డెబ్భయ్యో సంవత్సరం జనవరిలో పుట్టినట్టు వచ్చింది. ఆ యంత్రానికి కాలం మొదలయ్యేది అక్కడి నుంచే, అంకె అర్థం కాకపోతే అందర్నీ తీసుకెళ్ళి ఆ గుమ్మం ముందు దించేస్తుంది. మిగతావాళ్ళు తల పట్టుకున్నారు. ఎక్కడిగారు మాత్రం శాంతంగా, "పాపం, ఆ నెల ప్రసూతి వార్డులో మంచాలు సరిపోయాయా?" అన్నారు.

ఇంకోసారి ఒక రోగి చేరడానికి నెల ముందే డిశ్చార్జి అయిపోయాడు. నాలుగు, అయిదు అని రాసుంటే మే నాలుగో, ఏప్రిల్ అయిదో ఆ యంత్రానికి ఎలా తెలుస్తుంది? అది నెలే ముందనుకుంది. పట్టికలమ్మ ఆ వరస కొట్టేసి ముందుకు పోదామంది. "కొట్టేస్తే ఎట్లాగమ్మా? మనిషి వచ్చాడు, మంచం మీద పడుకున్నాడు, వెళ్ళాడు. మనకి లెక్క రాలేదని ఆయన రాలేదంటామా?" అంటూ ఎక్కడిగారు మూడంతస్తులెక్కి రికార్డు గదిలో పాత కేసుషీటు వెతికి వచ్చారు. ఒక్క వరస కోసం మధ్యాహ్నమంతా పోయింది. ఆవిడ పళ్ళు కొరుక్కుంది.

అందుకే ఆయన కంటి ఆపరేషనని నెలరోజులు సెలవు పెట్టినప్పుడు, పట్టికలమ్మ పైకి "జాగ్రత్తండీ" అందిగానీ, లోపల హాయిగా ఊపిరి తీసుకుంది.

ఏడో వార్డు పని వచ్చింది ఆ నెలలోనే.

రక్తంలోకి ఇన్ఫెక్షను పాకిన రోగికి గంటలోపు మొదటి మందు పడాలి. ఏ వార్డులో ఎంతసేపటికి పడుతోందో పట్టిక కావాలని పైనుంచి అడిగారు. చాలా వార్డుల్లో నర్సులు చేత్తో రాసిన గంటలే. ఏడో వార్డులో మాత్రం కొత్తగా మందుల బీరువా పెట్టారు. నర్సు వేలిముద్ర వేస్తే సొరుగు తెరుచుకుంటుంది, తెరుచుకున్న సమయాన్ని అదే రాసుకుంటుంది. ఆ ఫైలును పట్టికలమ్మ ప్రోగ్రాములోకి తీసుకుంటే గంటల గడులన్నీ ఖాళీగా వచ్చాయి. చూస్తే ప్రతి సమయం చివరా జడ్ అనే అక్షరం ఒకటి తోకలా వేలాడుతోంది. దాని వల్లే యంత్రం చదవలేకపోతోంది. పట్టికలమ్మ ఆ తోక కోసేసింది. ఒక్క లైను ప్రోగ్రాము. గడులన్నీ చక్కగా నిండాయి.

నిండాక ఇంకో చిక్కొచ్చింది. రోగి ఆస్పత్రికి రాకముందే మందు పడినట్టు చూపిస్తోంది, అయిదు గంటల ముందు, నాలుగున్నర గంటల ముందు. కొత్త యంత్రం కదా, తేదీ ఒకరోజు వెనక పెట్టుకుని ఉంటుందనుకుంది. అందరికీ ఒకరోజు కలిపింది. అదీ ఒక్క లైనే. పట్టిక నీటుగా వచ్చింది: మిగతా వార్డుల్లో మందు ఆలస్యం యాభై నిమిషాలు. ఏడో వార్డులో పందొమ్మిది గంటల పది నిమిషాలు.

ఆ వార్డులో ఆ కాలంలో పదకొండు మంది పోయారు.

పట్టిక పైకి వెళ్ళింది. పై నుంచి ఉరుములు మొదలయ్యాయి. ఏడో వార్డు పెద్దనర్సును, ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న మనిషిని, విచారణ తేలేదాకా వార్డు గుమ్మం తొక్కొద్దన్నారు. ఖాళీగా కూర్చోబెట్టడం ఎందుకని నేలమాళిగలో దుప్పట్ల స్టోరుకు పంపారు. పోయినవాళ్ళ బంధువులకు సంగతి ఎలాగో పొక్కింది. వాళ్ళు రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడేవారు. కేకలేమీ వేసేవారు కాదు, ఊరికే నిలబడేవారు. గణాంక విభాగం కిటికీలోంచి పట్టికలమ్మకు వాళ్ళ చెప్పులు కనబడేవి.

పెద్దనర్సు రోజూ ఎదుటి గదిలో దుప్పట్లు లెక్కపెట్టేది. పట్టికలమ్మ అటువైపు చూడకుండా నడిచేది. పందొమ్మిది గంటలు! మనిషి మంచం మీద కొట్టుకుంటుంటే పందొమ్మిది గంటలు మందివ్వకుండా ఎలా కూర్చుందో అనుకునేది. ఒకరోజు చేతులు కడుక్కునే చోట ఎదురుపడ్డారు. పెద్దనర్సు నీళ్ళు కట్టేసి, "ఆ పట్టిక చేసింది మీరేనటగా" అంది.

"అవునండీ."

"అంత ఆలస్యమా? నిజంగానే?"

ఆ మాటలో కోపం లేదు. తెలుసుకుందామని అడిగినట్టుంది. పట్టికలమ్మ "లెక్క అలాగే వచ్చిందండీ" అని, చేతులు తుడుచుకోకుండానే వచ్చేసింది.

నెల తిరిగాక ఎక్కడిగారు ఒక కంటికి పచ్చటి గంతతో దిగారు. వస్తూనే రెండో కంటితో రెండు గడియారాలూ సరిచూసుకున్నారు. ఏడో వార్డు కథంతా విన్నారు. విని, సహజంగానే, "ఎక్కడి పందొమ్మిది?" అన్నారు.

పట్టికలమ్మ ఓపిక కాస్తా ఆవిరైపోయింది. "ఎక్కడిదేంటండీ! పదకొండు మంది పోయారు. ఎల్లుండి విచారణ. ఇప్పుడు కూడా మీకు ఆ సోదేనా? కాస్త మనుషుల సంగతి ఆలోచించండి!"

ఆయన నొచ్చుకోలేదు. "ఒక్కసారి చూడనీ అమ్మా. సగటు కాదు, మనిషి మనిషికీ ఎంతో చూపించు" అన్నారు. ఒంటికన్ను తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి వరసలు చదువుకుంటూ పోయారు. పద్దెనిమిదీ నలభై, పందొమ్మిదీ ఇరవై, పందొమ్మిదిన్నర, పద్దెనిమిదీ యాభై... రెండొందల ఆరు వరసలూ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంత క్రమశిక్షణగా ఎవరమ్మా ఆలస్యం చేసేది?"

"అంటే?"

"మర్చిపోయిన మనిషి ఒకరోజు రెండుగంటలు మర్చిపోతాడు, ఇంకోరోజు పదిగంటలు మర్చిపోతాడు. ఒకళ్ళకన్నా టైముకి ఇస్తాడు. ఈవిడ రెండొందల ఆరు మందికి పద్దెనిమిదిన్నరకి తగ్గకుండా, పందొమ్మిదీ ముప్పావు దాటకుండా ఆలస్యం చేసింది. ఇది బద్ధకం కాదు, గడియారం."

అని లేచి మెట్లెక్కి ఏడో వార్డుకు వెళ్ళారు. అక్కడ ఆయన చేసిన హడావుడి తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు. ఒక కంటికి గంత, రెండు చేతులకూ గడియారాలు, బీరువా ముందు గొంతుక్కూర్చుని నర్సుచేత సొరుగు తెరిపించడం, మూయించడం, తెరిపించడం. మంచాల మీదివాళ్ళు గడియారాలు బాగుచేసే అతను వచ్చాడనుకున్నారు. ఓ ముసలావిడ దిండుకింద నుంచి ఆగిపోయిన చేతిగడియారం తీసి ఇచ్చింది. ఆయన దాన్ని విప్పి, ముల్లు సరిచేసి, "అమ్మా, ఇక్కడి టైము పెట్టమంటారా?" అని అడిగి మరీ పెట్టి ఇచ్చారు. దాంతో ఇంకో ముగ్గురు వరస కట్టారు. ఆయన కిందికి దిగేసరికి గంటన్నర పట్టింది.

వచ్చి పట్టికలమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "బీరువాలో సొరుగు నా ముందు తెరిచింది మూడుంబావుకి. అది రాసుకున్నది తొమ్మిదీ ముప్పావు. పొద్దున్న తొమ్మిదీ ముప్పావు. చివర ఒక అక్షరం కూడా రాసుకుందమ్మా" అన్నారు.

అక్షరం అనగానే పట్టికలమ్మకు అర్థమైపోయింది. ఆ తోక తోక కాదు. ఇది ప్రపంచ సమయం, మీ సమయం కాదు, అయిదున్నర గంటలు కలుపుకోండి అని ఆ యంత్రం ప్రతి వరసలోనూ పాపం చెప్పుకుంటూనే ఉంది. తను దాని నోరు కోసేసింది. అయిదున్నర గంటలు వెనక్కి పోయింది. వెనక్కి పోయిందాన్ని ఒకరోజు ముందుకు తోసింది. నలభై నిమిషాలు పందొమ్మిది గంటల పది నిమిషాలయ్యాయి. ఆయన ఏమీ అడగకుండానే ఆవిడే ప్రోగ్రాములో ఆ రెండు లైన్లూ తెరిచి చూపించింది.

"నేనే" అంది.

ఎక్కడిగారు ఆ రెండు లైన్లూ చదివారు.

"మీరుంటే ఎక్కడి టైమని అడిగేవారు. అడిగితే విసుక్కునేదాన్ని. విసుక్కుంటూ అయినా చూసుండేదాన్ని." ఏడుపు ఆపుకుందామనుకుంది, ఆగలేదు. "రాజీనామా ఇచ్చేస్తానండీ."

"ఇద్దువుగాని. ముందు ఆ అక్షరం అతికించి మళ్ళీ నడుపు."

ఆ రెండు లైన్లూ తీసేసి, జడ్ అంటే ఏమిటో యంత్రానికి చెప్పి, మళ్ళీ నడిపింది. ఏడో వార్డు సగటు నలభై నిమిషాలు వచ్చింది. ఆస్పత్రి మొత్తంలో మందు అందరికన్నా ముందు పడుతున్న వార్డు అదే. ఎదుటి గదిలో దుప్పట్ల కట్ట కిందపడిన చప్పుడైంది.

విచారణ మేడమీది హాల్లో జరిగింది. పొద్దున్నుంచీ ముసురు. కమిటీలో ముగ్గురు. అధ్యక్షుడు రిటైరైన సర్జను, మోకాళ్ళ నొప్పుల మనిషి, కాళ్ళు మడవలేక బల్లకింద చాపుకుని కూర్చున్నారు. పెద్దనర్సు గోడవార కుర్చీలో ఒళ్ళో చేతులు పెట్టుకుని ఉంది. ఎక్కడిగారు కొత్త పట్టిక ముందు పెట్టి, జరిగినదంతా నాలుగు ముక్కల్లో చెప్పారు. ఆయన ఏదైనా నాలుగు ముక్కల్లో చెప్పడం పట్టికలమ్మ అదే మొదటిసారి వినడం.

"అంటే నర్సు తప్పు లేదా?" అన్నారు అధ్యక్షులు.

"లేదండీ. రవ్వంత కూడా లేదు."

"యంత్రం తప్పా?"

"యంత్రం నిజమే చెప్పిందండీ. వినాల్సినవాళ్ళం మేము వినలేదు."

"మేమంటే? ఎవరో ఒకరు చేసుంటారుగా. పేరు చెప్పండి. మూడు వారాలు ఒక మనిషిని నలుగురిలో నిలబెట్టాం, చేసినవాళ్ళ పేరు రాసుకోవద్దూ?"

పట్టికలమ్మ లేవబోయింది. మోకాళ్ళు ముందు లేచాయి, మనిషి ఇంకా లేవలేదు. ఈలోగా ఎక్కడిగారు, "విభాగంలో పెద్దవాణ్ణి నేనండీ, నా పేరు రాసుకోండి" అన్నారు.

కమిటీలో రెండో ఆయన కాగితాలు తిరగేశారు. "ఆ సమయంలో మీరు సెలవులో ఉన్నారు కదండీ?"

ఎక్కడిగారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టారు. "ఏ సమయంలోనండీ? ఎక్కడి లెక్కన?"

ఇంక అంతే. సూర్యుడి దగ్గర మొదలుపెట్టారు. ఒకప్పుడు ఊరికొక మధ్యాహ్నం ఉండేదన్నారు. ఒక ఊళ్ళో నీడ కాళ్ళకింద ఉంటే పక్క ఊళ్ళో ఇంకా జానెడు పక్కకి ఉండేదన్నారు. లేచి వెళ్ళి హాల్లో గోడగడియారం కింద నిలబడి రెండు చేతులూ చాపి మూడు టైములూ చదివి వినిపించారు. కమిటీలో మూడో ఆయన తన గడియారం చూసుకుని నాలుగో టైము చెప్పారు, అది ఆయన చేసిన పొరపాటు. దానికి పావుగంట పట్టింది. లోలకాలు వచ్చాయి, ఇసుక గడియారాలు వచ్చాయి. మధ్యలో అధ్యక్షులు "సరేనండీ, ఆ పేరు..." అన్నప్పుడల్లా, "అక్కడికే వస్తున్నానండీ" అని ఇంకో వందేళ్ళు వెనక్కి వెళ్ళారు.

గంటసేపటికి పట్టికలమ్మ పూర్తిగా లేచి నిలబడింది. "అయ్యా, ఆ పట్టిక..."

"కూర్చోమ్మా, ఇంకా రైళ్ళు రాలేదు" అన్నారు ఎక్కడిగారు ఆవిడవైపు తిరగకుండానే.

రైళ్ళు వచ్చాయి. రైళ్ళ తర్వాత ఓడలు బయల్దేరుతున్నాయని తెలియగానే అధ్యక్షులు రెండు చేతులూ బల్లమీద వేసి లేచిపోయారు. "నాయనా, నా మోకాళ్ళు పట్టేశాయి. నర్సు తప్పు లేదు, రేపటి నుంచి వార్డుకి వెళ్ళమనండి. తప్పు గంటలు మార్చడంలో వచ్చింది, రాసుకోండి. మళ్ళీ రాకుండా చూడమనండి, రాసుకోండి. పేరూ వద్దు, గీరూ వద్దు. దయచేసి ఈయన్ని ఆపండి."

వరండాలో వాన జల్లు లోపలికి కొడుతోంది. పట్టికలమ్మ ఆయన్ని ఆపి అడిగింది. "కావాలనే చేశారు కదూ?"

"ఏంటమ్మా చేసేది? ఓడల గురించి చెప్పనివ్వలేదు. అసలు విషయమంతా ఓడల్లోనే ఉంది."

"నా పేరు నేను చెప్పుకునేదాన్నిగా."

ఎక్కడిగారు గంత మీద పడ్డ తడి తుడుచుకున్నారు. "కమిటీకి కారణం చాలమ్మా. కాగితం మీద పేరు పడితే ఇంక కారణం ఎవడూ చదవడు. పేరు మాత్రం ఒక్కళ్ళకి కావాలి. ఆవిడ కింద స్టోరుకి దిగింది. వెళ్ళు."

నాలుగేళ్ళుగా విసుక్కుంటున్న మనిషిని పట్టికలమ్మ ఆ వరండాలో మొదటిసారి సరిగ్గా చూసింది. ఆ మధ్యాహ్నం కేసుషీటు కోసం మూడంతస్తులెక్కినప్పుడు ఈయన వెతికింది తేదీని కాదు, మనిషినని అప్పటికి గానీ అర్థం కాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే మెట్లు దిగింది.

పెద్దనర్సు స్టోరులో తాళాలు అప్పగించడానికి జాబితా రాస్తోంది. పట్టికలమ్మ గుమ్మంలోనే నిలబడి, అక్షరం సంగతీ, రోజు కలిపిన సంగతీ అన్నీ చెప్పింది. "నేనే చేశానండీ. మీరడిగినప్పుడు కూడా చూసుకోలేదు. లెక్క అలాగే వచ్చిందన్నాను" అంది.

పెద్దనర్సు రాయడం ఆపింది. "నాకే అనుమానం వచ్చేసిందమ్మా" అంది. "రోజూ కూర్చుని గుర్తు చేసుకునేదాన్ని. సొరుగు తీశాను, మందెక్కించాను, చెయ్యి పట్టుకున్నాను... లేకపోతే నేనే అలా అనుకుంటున్నానా అని. ఆఖరికి కాగితం మీదున్నదే నిజమేమోలే అనుకున్నాను. దానికన్నా నన్ను నాలుగు తిట్టినా బావుండేది."

"తిట్టండి."

"ఇప్పుడు ఓపిక లేదు. తర్వాతెప్పుడన్నా తిడతాను." ఒక దుప్పటి తీసి రెండు కొసలు ఆవిడ చేతికిచ్చింది. ఇద్దరూ చెరోవైపూ పట్టుకుని మడత పెట్టారు. మూడో దుప్పటి దగ్గర పెద్దనర్సు అంది: "నా సంగతి తేలింది. ఆ పదకొండు ఇళ్ళవాళ్ళకి ఎవరు చెప్తారు? మందు ఆలస్యమై పోయారనుకుంటూ బతకాలా వాళ్ళు?"

కమిటీ రాసిన కాగితంలో ఆ ఊసే లేదు. పట్టికలమ్మ దుప్పటి అక్కడ పెట్టి తన గదికి పరిగెత్తింది.

గదిలో ఎక్కడిగారు ఫోను దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు కాగితం మీద పదకొండు నంబర్లు, వాటిలో మూడింటి పక్కన టిక్కులు. నాలుగో ఇంటితో మాట్లాడుతున్నారు. "అవునండీ, మీ ఆవిడగారికేనండీ. ముప్పై ఎనిమిది నిమిషాల్లో పడిందండీ మందు. లేదండీ, ఎవరూ మర్చిపోలేదు. పక్కనే ఉన్నారు. లెక్క మేమే తప్పు వేశామండీ." అవతల ఎవరో ముసలాయన గొంతు సన్నగా వినబడుతోంది. ఏదో చెబుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ చెబుతున్నాడు. ఎక్కడిగారు అడ్డుపడకుండా ఊఁ కొడుతున్నారు. పట్టికలమ్మ రెండో కుర్చీ లాక్కుని కాగితంలో కింది నంబర్లు తన పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది.

చాలాసేపటికి ముసలాయన, ఇంకేం మాట్లాడాలో తోచక కాబోలు, "ఇప్పుడు టైమెంతైందండీ?" అని అడిగాడు.

పట్టికలమ్మ కలం ఆగిపోయింది.

ఎక్కడిగారు ఎడంచేతి గడియారం చూశారు. కుడిచేతిది చూడలేదు. "అయిదుంబావైందండీ" అన్నారు మెల్లగా. "కాస్త టీ పెట్టుకుని తాగండి. ఉంటానండీ."

ఫోను పెట్టేశారు. టిక్కు కొట్టారు. అయిదో నంబరు తిప్పబోయి ఆగారు. కుర్చీలో అటు కదిలారు, ఇటు కదిలారు. గంత సరిచేసుకున్నారు. ఇంక ఉండబట్టలేక, గొంతు తగ్గించి అడిగారు:

"ఇక్కడి టైమని ఆయనకి చెప్పలేదమ్మా. మళ్ళీ చెయ్యనా?"

"వద్దండీ, ఆయనకి తెలుసు" అని, పట్టికలమ్మ తన ఫోను తీసి ఆరో నంబరు నొక్కింది.